గేర్‌బాక్స్ మీద వేసే నిందలు

పాత జీప్ చెరోకీ ఆటోమేటిక్‌ను ఇంట్లో విప్పి బిగించడం: అపోహలు – వాస్తవాలు

మన ఊళ్లలో జీపంటే గేరు రాడ్డు, క్లచ్ పెడల్, అవసరమైతే రోడ్డు పక్కనే గేర్‌బాక్స్ దించేసే మేస్త్రీ. ఆ మేస్త్రీ చేతికి ఆటోమేటిక్ పెద్దగా రాలేదు కాబట్టి దాని గుట్టు మనవాళ్లకు ఎవరూ విప్పి చూపించలేదు. అమెరికాలో స్థిరపడి, పాత జీపు మీద మోజుతో ఒకటి కొనుక్కుని, సెలవు రోజున దాని కింద దూరే తెలుగువాళ్లకు మాత్రం ఆటోమేటిక్ తప్పదు. వాళ్లకు ఎక్కువగా తగిలేది ఒహాయోలోని టొలీడోలో తయారైన, ఎక్స్‌జే అని పిలిచే పాత చెరోకీ. 1987 నుంచి 2001 దాకా నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిన చెరోకీ ఆటోమేటిక్ అయితే అందులో ఉండే గేర్‌బాక్స్ పేరు ఏడబ్ల్యూ4.

జీపు అమెరికాదే అయినా గేర్‌బాక్స్ జపాన్‌ది. జపాన్‌కు చెందిన ఐసిన్ సెయికి, అమెరికాకు చెందిన బోర్గ్‌వార్నర్ కలిసి 1969లో పెట్టిన ఐసిన్-వార్నర్ కంపెనీ దీన్ని చేసింది. టయోటా 4రన్నర్లలో వచ్చిన ఏ340 దీనికి తోబుట్టువు. మొండి రకమని దీనికి మంచి పేరుంది. అది పాడైనప్పుడు కారణం చెప్పడంలోనే ఎవరి కథ వాళ్లది.

అపోహ: గేరు సరిగ్గా పడకపోతే గేర్‌బాక్స్ పోయినట్టే. దించి విప్పాల్సిందే.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్లే ఎన్నో మంచి గేర్‌బాక్సులు అనవసరంగా నేల మీదికి దిగుతాయి. ఏడబ్ల్యూ4లో ఏ గేరు ఎప్పుడు పడాలో తేల్చేది డ్యాష్‌బోర్డు కింద ఉండే కంప్యూటర్. అది రెండు సోలినాయిడ్లతో గేర్లు మారుస్తుంది, మూడోదానితో ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌ను లాక్ చేస్తుంది. లివర్ ఏ స్థానంలో ఉందో దానికి చెప్పేది గేర్‌బాక్స్ పక్కన బిగించిన న్యూట్రల్ సేఫ్టీ స్విచ్. బురదా నీళ్లూ నేరుగా తగిలే చోట ఉంటుంది కనుక లోపలి కాంటాక్టులకు మట్టి పడుతుంది. అప్పుడు పార్కులో పెట్టినా బండి స్టార్ట్ కాదు, రివర్స్ లైట్లు వెలగవు, కంప్యూటర్ అయోమయంలో పడి తప్పు గేరు ఇస్తుంది. ఆ స్విచ్‌ను విప్పి శుభ్రం చేసి బిగించడం ఒక పూట పని.

తప్పు కరెంటుదా, యంత్రానిదా అని తేల్చుకోవడానికి ఈ గేర్‌బాక్స్‌లోనే ఒక సదుపాయం ఉంది. ఫ్యూజు తీసి గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు కరెంటు ఆపేస్తే, గేర్లు పూర్తిగా లివర్ చేతిలోకి వస్తాయి. 1-2 స్థానంలో మొదటి గేరు, 3లో మూడోది, డిలో నాలుగోది పడతాయి. రివర్స్ ఎలాగూ ఉంటుంది. ఇవన్నీ జారకుండా పట్టుకుంటే ఆ గేర్ల క్లచ్‌లు బతికే ఉన్నాయన్నమాట, వెతకాల్సింది వైర్లలో, స్విచ్‌లో, సోలినాయిడ్లలో. రెండో గేరు సంగతి మాత్రం ఈ పరీక్షలో తేలదు.

ఇంకొకటి, యాక్సిలరేటర్ దగ్గర నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కేబుల్. కాలు ఎంత నొక్కితే లోపల ఆయిల్ ఒత్తిడి అంత పెరగాలి. ఆ కబురు మోసుకెళ్లేది ఇదే. కేబుల్ వదులుగా ఉంటే ఒత్తిడి చాలక క్లచ్‌లు జారుతూ కాలిపోతాయి, మరీ బిగుసుకుంటే గేర్లు ఆలస్యంగా, గుద్దినట్టు పడతాయి. థ్రాటిల్ బాడీ శుభ్రం చేసేటప్పుడు ఎవరో ఈ కేబుల్ కదిలించి వదిలేస్తారు. కొన్నాళ్లకు క్లచ్‌లు కాలితే, పాతబడిందంటూ తప్పు గేర్‌బాక్స్ మీద తోసేస్తారు. కేబుల్ మీదున్న బటన్ నొక్కి లోపలికి తోసి, థ్రాటిల్‌ను పూర్తిగా తెరిస్తే అదే టిక్కుటిక్కుమంటూ సరైన చోటికి వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

అపోహ: ఏళ్ల తరబడి తిరిగితే లోపల గేర్ల పళ్లు అరిగిపోతాయి.

వాస్తవం: ఆటోమేటిక్‌లో గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. మాన్యువల్‌లో లాగా జరిగి ఢీకొనే ప్రసక్తే లేదు. ఏడబ్ల్యూ4లో మూడు ప్లానెటరీ గేర్ సెట్లు ఉన్నాయి: ముందు ఓవర్‌డ్రైవ్‌ది, వెనక మరో రెండు. గేరు మారడమంటే వీటిలో ఒక భాగాన్ని ఆపడం, ఇంకో రెంటిని కలపడం. ఆ పనంతా చేసేవి ఆయిల్ ఒత్తిడితో బిగుసుకునే క్లచ్ ప్లేట్లు, బ్రేకులు, ఒక బ్యాండు, ఒకవైపే తిరిగే మూడు వన్‌వే క్లచ్‌లు. అరిగేవి, కాలేవి ఆ ప్లేట్ల మీదుండే కాగితం లాంటి పొర, పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు. వేడికి సీలు గట్టిపడితే ఒత్తిడి కారిపోతుంది, ఒత్తిడి లేకపోతే ప్లేటు జారుతుంది, జారితే కాలుతుంది. పెట్టె విప్పి చూస్తే చాలాసార్లు గేర్లు కొత్తవాటిలా మెరుస్తూ కనిపిస్తాయి.

ఏ గేరులో ఏ క్లచ్ పనిచేస్తుందో చెప్పే పట్టిక సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. రోగం పట్టడానికి ఆ ఒక్క పేజీ చాలు. ఉదాహరణకు డైరెక్ట్ క్లచ్ అనేది మూడు, నాలుగు గేర్లలోనూ రివర్స్‌లోనూ పనిచేస్తుంది. రివర్స్ పోయి, మూడో గేరు కూడా జారుతుంటే అనుమానం దాని మీద. రివర్స్ పోయినా మూడోది గట్టిగా ఉంటే చూడాల్సింది మొదటి-రివర్స్ బ్రేకును. విప్పకముందే ఇంత తెలిస్తే, విప్పాక ఏ డ్రమ్ములో ఏం వెతకాలో తెలుస్తుంది. పట్టిక చూడకుండా స్పానర్ పట్టేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అపోహ: పాత ఆయిల్ మార్చితే గేర్‌బాక్స్ చచ్చిపోతుంది.

వాస్తవం: ఈ మాట వెనక కొంత అనుభవం ఉంది, కారణమే తలకిందులైంది. చాలామంది ఆయిల్ మార్చేది గేర్లు జారడం మొదలయ్యాకే. ప్లేట్లు అప్పటికే కాలిపోయి ఉంటాయి. నాలుగు రోజుల్లో బండి ఆగిపోతే నింద కొత్త ఆయిల్‌కు తగులుతుంది. యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగించే పని పాత గేర్‌బాక్స్‌కు వద్దంటే ఒప్పుకుంటాను. ప్యాన్‌కు డ్రెయిన్ ప్లగ్ ఉంది. దాన్ని విప్పి, దిగినంత కొలిచి, అంతే పోసుకోవడంలో భయపడాల్సింది లేదు. ఇలా దిగేది నాలుగు లీటర్ల దరిదాపు. మిగతా సగం కన్వర్టర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది.

రంగు చూసి తీర్పు చెప్పడం కూడా తొందరపాటే. కొంచెం గోధుమ రంగుకు తిరిగినంత మాత్రాన కాలినట్టు కాదు, మాడు వాసన వస్తేనే కాలినట్టు. ప్యాన్‌లోని అయస్కాంతాలకు బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే అది మామూలే. రేకుల్లాంటి ముక్కలు, ఇత్తడి మెరుపు కనబడితే విప్పాలి. ఆయిల్ రోజ్‌మిల్క్ రంగులో ఉంటే మాత్రం బండి కదపొద్దు. రేడియేటర్ లోపలున్న ఆయిల్ కూలర్ చిల్లి పడి కూలెంటు ఆయిల్‌లో కలిసిందన్నమాట. ప్లేట్ల మీద పొరను అతికించిన జిగురుకు నీళ్లు పడవు.

అపోహ: ఆటోమేటిక్ ఆయిల్ ఏదైనా ఒకటే. జీపు కాబట్టి క్రైస్లర్ ఆయిలే పోయాలి.

వాస్తవం: అప్పట్లో జీపులు చేసిన ఏఎంసీని క్రైస్లర్ 1987లో కొన్నది కనుక జీపుల్లో అన్నీ క్రైస్లర్‌వే అనుకుంటారు. ఏడబ్ల్యూ4కు చెప్పింది డెక్స్‌రాన్ రకం ఆయిల్. క్రైస్లర్ సొంత గేర్‌బాక్సుల ఏటీఎఫ్+4లో రాపిడిని మార్చే రసాయనాలు వేరు, వాటితో క్లచ్ పట్టే తీరు మారిపోతుంది. డెక్స్‌రాన్-3కి జీఎం లైసెన్సులు ఇవ్వడం 2006తో ఆగింది కాబట్టి, ఇప్పుడు డబ్బా వెనక ఆ ప్రమాణానికి తగినదని రాసి ఉందో లేదో చదివి కొనాలి. సీళ్లను ఉబ్బించి లీకులు ఆపుతామనే సీసాల గురించి ఒక్క మాట: ఇల్లు అమ్మేముందు వేసే సున్నం లాంటివి అవి.

అపోహ: ఇది ఇంట్లో అయ్యే పని కాదు.

దీని ఎదుటి అపోహ కూడా అంతే బలంగా తిరుగుతోంది: నాలుగు వీడియోలు చూసి, ఒక కిట్టు తెప్పిస్తే ఎవరైనా చేసేయొచ్చు.

వాస్తవం: ఇంట్లో అవుతుంది. దానికి కావాల్సింది బలం కన్నా శుభ్రత, కొలత. ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో మళ్లించే వాల్వ్ బాడీలో వాల్వులు కదిలే సందులు ఎంత సన్నవంటే, తుడిచే గుడ్డ నుంచి ఊడిన నూలుపోగు ఒక్కటి చాలు వాల్వు ఇరుక్కోవడానికి. అందుకే నూలు గుడ్డలు దగ్గరికి రానివ్వకూడదు. కడిగి, గాలితో ఆరబెట్టాలి. వాల్వు బిగుసుకుందని గరుకు కాగితంతో రుద్దితే అల్యూమినియం గొట్టం చెడిపోతుంది, ఇక ఆ వాల్వ్ బాడీ మార్చాల్సిందే. అందులోని చిన్న చిన్న గుండ్లు ఎక్కడ ఉండాలో, విప్పేటప్పుడే ఫొటో తీసుకోవాలి. బిగించేటప్పుడు అవి జారకుండా నిలబెట్టడానికి తెల్ల వ్యాసలీన్ వాడతారు. చక్రాలకు పూసే గ్రీజు వాడితే అది ఆయిల్‌లో కరగకుండా వెళ్లి సన్నటి దారుల్లో అడ్డం పడుతుంది.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను పొడిగా బిగించకూడదు. కనీసం అరగంట అదే ఆయిల్‌లో నానాలి. లిప్ సీళ్ల పెదవి ఒత్తిడి వచ్చే వైపుకు తిరిగి ఉండాలి. తిరగేసి పెడితే పిస్టన్ పనిచేయదు, అది తెలిసేది అంతా బిగించి బండికి ఎక్కించాక. ఆ గండం తప్పించుకోవడానికి ప్రతి క్లచ్ డ్రమ్మునూ బల్ల మీదే కంప్రెసర్ గాలితో పరీక్షిస్తారు. ఆయిల్ రంధ్రంలోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపితే పిస్టన్ కదిలి ధబ్‌మని వినపడాలి. బుస్సుమని గాలి కారితే సీలు తెగినట్టే.

ఇక ఆరంభ శూరులు వదిలేసే పని ఒకటుంది. ప్లేట్లన్నీ పేర్చాక పై ప్లేటుకూ సర్క్లిప్‌కూ మధ్య ఎంత సందు మిగిలిందో ఫీలర్ గేజ్‌తోనో డయల్ గేజ్‌తోనో కొలవాలి. సందు ఎక్కువైతే క్లచ్ ఆలస్యంగా పడుతుంది, తక్కువైతే వదిలేశాక కూడా రాసుకుంటూ వేడెక్కుతుంది. సరిపోకపోతే వేరే మందం ప్లేటు తెప్పించాలి. వీడియోలో ఈ భాగం అర నిమిషంలో అయిపోతుంది. గరాజ్‌లో మాత్రం సరైన మందం ప్లేటు పోస్టులో వచ్చేదాకా వారం రోజులు డ్రమ్ము బల్ల మీద ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఓపిక లేనివాళ్లు ఈ పని షాపుకే ఇవ్వడం మంచిది.

అపోహ: ఓవర్‌హాల్ కిట్టు మారిస్తే రీబిల్డ్ అయినట్టే.

వాస్తవం: సాధారణంగా కిట్టులో ఉండేవి సీళ్లు, గాస్కెట్లు, ఫ్రిక్షన్ ప్లేట్లు. స్టీలు ప్లేట్లు, బుష్షులు, పంపు చూసి కొలిచి మార్చాలి. కన్వర్టర్‌ను వెల్డింగ్ చేసి మూసేస్తారు కాబట్టి ఇంట్లో విప్పలేం. లేత్ మీద కోసి, బాగుచేసి, మళ్లీ వెల్డ్ చేసి బ్యాలెన్స్ చేసినది కొనుక్కోవాలి. పాతదాన్నే వాడితే కాలిన ప్లేట్ల పొడి అందులోనే ఉంటుంది. కూలర్ సంగతీ అంతే. దాన్ని కడగకపోతే, వీలైతే మార్చకపోతే, పాత గేర్‌బాక్స్ మురికి కొత్త ప్లేట్ల మీదికి వస్తుంది.

అపోహ: కన్వర్టర్‌ను తగిలించి బెల్‌హౌసింగ్ బోల్టులు బిగిస్తే అదే లోపలికి వెళ్లి కూర్చుంటుంది.

వాస్తవం: పంపు పగిలేది ఇలాగే. కన్వర్టర్ మూడు చోట్ల కలవాలి: స్టేటర్ పళ్లు, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లు, పంపును తిప్పే కొమ్ములు. చేత్తో తిప్పుతూ నెడుతుంటే మెట్టుమెట్టుగా లోపలికి దిగుతుంది. గేర్‌బాక్స్ ఇంజిన్‌కు ఆనుకున్నాక కూడా కన్వర్టర్ చేత్తో తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే ఆగి, వెనక్కి లాగి మళ్లీ చూడాలి.

దించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. బెల్‌హౌసింగ్ పైనున్న క్రాంక్ సెన్సార్‌ను ముందే తీసేయాలి, లేకపోతే అది విరుగుతుంది. అన్నిటికన్నా పైనున్న రెండు బోల్టులకు నక్షత్రం ఆకారపు తల ఉంటుంది. వాటికి ఈ12 సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు కావాలి. గేర్‌బాక్స్ వెనక ఉండి ముందు, వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌తో కలిపి దించితే ఆ బరువు మనిషి ఛాతీ మీద పడకూడనిది. దానికి తగ్గ జాకీ అద్దెకు దొరుకుతుంది, తెచ్చుకోండి.

అపోహ: ఇంత బాధెందుకు, పాత బండి నుంచి ఒకటి తెచ్చి పెట్టుకుంటే సరి.

వాస్తవం: సరే, కానీ ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి వెళ్లే షాఫ్ట్ పళ్లు లెక్కపెట్టి. తొలి మోడళ్ల అవుట్‌పుట్ షాఫ్ట్‌కు 21 పళ్లు, 1991 ప్రాంతం నుంచి 23.

అపోహ: రాళ్లలో, ఇసుకలో తిరగడానికి ఆటోమేటిక్ పనికిరాదు.

వాస్తవం: పనికొస్తుంది, వేడిని అదుపులో పెట్టగలిగితే. బండి మెల్లగా కదులుతూ ఇంజిన్ లాగుతున్నప్పుడు కన్వర్టర్‌లో ఆయిల్ జారుతూనే ఉంటుంది, ఆ జారుడంతా వేడిగా మారుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను లో రేంజ్‌లో పెడితే, ఎన్‌పీ231 రకం కేస్‌లో 2.72 నిష్పత్తి దక్కుతుంది కాబట్టి చక్రాలకు బలం పెరిగి కన్వర్టర్ జారడం తగ్గుతుంది. పెద్ద టైర్లు వేసినవాళ్లు మర్చిపోయేది ఇరుసు నిష్పత్తి. నాలుగు లీటర్ల ఆటోమేటిక్ చెరోకీకి మామూలుగా వచ్చేది 3.55. దానిమీద 33 అంగుళాల టైర్లు ఎక్కిస్తే ఇంజిన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, గేరు మూడుకూ నాలుగుకూ మధ్య ఊగుతుంది, ఆయిల్ మరుగుతుంది. అలా కాలిన గేర్‌బాక్స్‌ను ఎంత శ్రద్ధగా తిరగకట్టినా, ఇరుసుల్లో క్రౌన్, పినియన్ మార్చకుండా, ముందు గ్రిల్ వెనక అదనంగా ఒక కూలర్ పెట్టకుండా మళ్లీ అదే బండికి ఎక్కిస్తే, కొత్త ప్లేట్లు కూడా పాతవి కాలిన దారినే పోతాయి.