108లో ఉద్యోగానికి ఏ కోర్సు చదవాలి?

'పారామెడికల్' అన్న బోర్డు చూసి ఇంటర్ బైపీసీ పిల్లల్ని చేర్పించేస్తున్నారు చాలామంది. మన దగ్గర ఆ మాట కింద ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్ కోర్సులన్నీ వస్తాయి. 108లో పేషెంట్ పక్కన కూర్చునేది ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అంటే ఈఎంటీ. ఆ చదువు వేరు.

సీపీఆర్ చేయడం, రక్తస్రావం ఆపడం, విరిగిన కాలు కదలకుండా కట్టడం, దారిలోనే కాన్పు వస్తే బిడ్డను అందుకోవడం నేర్పుతారు. ముందు బొమ్మల మీద, తర్వాత క్యాజువాలిటీలో. అక్కడ డ్యూటీలు వేయని కాలేజీకి ఫీజు కట్టకండి. పారామెడికల్ బోర్డుదో, హెల్త్ యూనివర్సిటీదో గుర్తింపు కాగితం చూపించమనండి.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. లైఫ్ సైన్సెస్ డిగ్రీ వాళ్లను కూడా తీసుకొని ట్రైనింగ్ ఇచ్చారు. కాబట్టి బీఎస్సీ అయిన అమ్మాయిలూ నోటిఫికేషన్ చూసుకోవచ్చు. నైట్ డ్యూటీలుంటాయి, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఉర్దూ వస్తే ఇంకా మంచిది. పాతబస్తీ నానీమా నొప్పి ఎక్కడో ఉర్దూలోనే చెబుతుంది మరి.