మక్కలోళ్ల టీంల ఊరి పోరనికి జాగ ఉంటదా?

అమెరికాల నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం ఉంది. మీల చాలామంది ఆ పేరు విని ఉండరు. మనోళ్లు పోయేది టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా. నెబ్రాస్కాకు పోయేటోళ్లు తక్కువ. మన తెలంగాణ కన్నా జాగ ఎక్కువ, జనం మాత్రం 2020 లెక్కల 19 లక్షల 60 వేల మందే. ఎటు జూసినా మక్క చేన్లు, సోయా, పశువులు. మక్కలు పండించుట్ల అమెరికా మొత్తంల మూడో జాగ వాళ్లదే.

ఆ రాష్ట్రం యూనివర్సిటీ లింకన్ అనే పట్నంల ఉంది. యూనివర్సిటీ టీం ఫుట్‌బాల్ ఆడే రోజు స్టేడియం ఎర్ర అంగీలతోని నిండుతది, 85 వేల మంది దాకా వస్తరు. ఆ ఒక్క పూట రాష్ట్రంల మూడో పెద్ద పట్నం మా స్టేడియమే అని అక్కడోళ్లు చెప్పుకుంటరు. ఒమాహా, లింకన్ తీసేస్తే అంత జనం ఉండే ఊరు ఇంకోటి లేదు మరి. ఫుట్‌బాల్ అంటే మనం కాళ్లతోని ఆడేది కాదు. కోడిగుడ్డు లెక్క ఉండే బంతిని సంకల వెట్టుకొని ఉరుకుడు, ఎదురు టీమోళ్లు మీద వడి పడగొట్టుడు. గా ఆట.

టీం పేరు కార్న్‌హస్కర్స్. అంటే మక్క కంకి మీది పొట్టు చేతులతోని ఒలిచేటోళ్లు. 1900 ప్రాంతంల ఈ పేరు వచ్చింది. అంతకు ముందు ‘పురుగులు తినేటోళ్లు’ అని ఒక పేరు ఉండె, అది ఇంకా అన్యాయం. ఇంకోళ్లు పులులు, సింహాలు, గద్దలని పెట్టుకుంటే, వీళ్లు చేన్ల కూలి పని పేరు పెట్టుకొని ఛాతీ మీద రాసుకుంటరు. నాకు ఈ టీం మీద మనసు పడ్డది ఆడనే.

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దాం. 1962 నవంబర్ 3 సంది ఇప్పటిదాకా ఆ స్టేడియంల ఒక్క మ్యాచ్‌కు గూడ టికెట్లు మిగల్లేదని లెక్క. 2024ల 400 మ్యాచ్‌లు దాటినయి. అయితే గెలుస్తున్నరు కాబట్టి జనం వస్తున్నరా అంటే, కాదు. మొట్టమొదట నిండిన ఆ 1962 మ్యాచ్‌ల మిస్సోరీ చేతుల ఓడిన్రు. 400వ మ్యాచ్‌ల ఇల్లినాయ్ చేతుల ఓడిన్రు. నడుమ మంచి రోజులు లేవని కాదు. బాబ్ డెవానీ కోచ్‌గ ఉన్నప్పుడు 1970, 71ల దేశంల నంబర్ వన్. ఆయన తర్వాత టామ్ ఆస్బర్న్ 25 ఏండ్లు కోచ్‌గ ఉండి 94, 95, 97ల మల్ల తెచ్చిండు. ఆస్బర్న్‌కు ఎంత పేరంటే, తర్వాత జనం ఆయనను పార్లమెంటుకు పంపిన్రు.

ఆ తర్వాత దిగజారుడు. 2017 సంది 2023 దాకా వరుసగ ఏడు సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. 97ల గెలిచిన టీంల ఆడిన సొంత రాష్ట్రం పిలగాడు స్కాట్ ఫ్రాస్ట్‌ను కోచ్‌గ తెచ్చుకున్నరు, 2022ల ఆయననే తీసేసిన్రు. 2021ల అయితే 12 మ్యాచ్‌లల్ల 9 ఓడిన్రు, అన్నీ పది పాయింట్ల లోపు తేడాతోనే. గుండె కోసినట్టు ఉంటది గదా. అయినా గ్రౌండు నిండింది. (నిజం చెప్పాలంటే ఆ ఏడాది మిగిలిన కొన్ని టికెట్లు దాతలు కొని పేద పిల్లలకు ఇచ్చిన్రు. లెక్క నిలవెట్టుకునే తిప్పలు అవి. కానీ పిల్లలైతే మ్యాచ్ చూసిన్రు.) 2024ల కోచ్ మ్యాట్ రూల్ చేతుల టీం ఏడు గెలిచి ఆరు ఓడింది. గా మాత్రానికే రాష్ట్రం పండుగ చేసుకుంది.

ఎందుకింత? అమెరికాల పెద్ద ప్రొఫెషనల్ ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ లీగుల టీం ఆ రాష్ట్రంల ఒక్కటి లేదు, కాబట్టి యూనివర్సిటీ టీమే గతి అని అంటరు. అది సగం కారణం. మిగిలిన సగం ‘వాక్-ఆన్’ అనే పద్ధతి. దీన్ని కొంచెం ఆగి అర్థం చేసుకోవాలె.

కాలేజీ ఫుట్‌బాల్‌ల ఒక్కో టీం 85 మందికి స్కాలర్‌షిప్ ఇయ్యొచ్చని రూలు ఉండె. ఫీజు, తిండి, ఉండే జాగ అన్నీ యూనివర్సిటీయే చూసుకుంటది. ఈ 85 మంది దేశమంతా వెతికి తెచ్చుకున్న పేరున్న ఆటగాళ్లు. వీళ్లు కాక ఇంకొందరు ఉంటరు. పైసా ఇయ్యకున్నా మంచిదే, సొంత ఖర్చుతోని చదువుకుంట మీ కాడ ప్రాక్టీసుకు వస్తమని వచ్చేటోళ్లు. వీళ్లే వాక్-ఆన్‌లు. చాలా యూనివర్సిటీలు వీళ్లను నామ్కేవాస్తే పెట్టుకునేవి. నెబ్రాస్కా మాత్రం దీన్నే తన బలం చేసుకుంది. చిన్న చిన్న ఊర్ల రైతు పిల్లలను పిలిచింది, రెండేండ్లు మూడేండ్లు కండ పట్టించింది, పనికొస్తే స్కాలర్‌షిప్ గూడ ఇచ్చింది.

బ్రెయినార్డ్ అనే ఊరు చూడుండ్రి. ఐదొందల లోపు జనం. ఆ దిక్కుకెళ్లి మాకోవిక అనే ఇంటి అన్నదమ్ములు ఒకరి ఎనుక ఒకరు నెబ్రాస్కాకు ఆడిన్రు. వాళ్లల్ల జోయెల్ వాక్-ఆన్‌గ వచ్చి, తర్వాత ప్రొఫెషనల్ లీగుల అరిజోనా టీందాకా పోయిండు. ఇగ ఆ ఊరోళ్లకు ఆ టీం టీవీల కనవడే టీం ఎట్లయితది? మన పక్కింటి పోరడు ఆడుతుంటే మనం స్కోరు చూసుకొని పోతమా? ఓడుతున్నరని తెలిసినా పోతం.

వాలీబాల్ ముచ్చట ఇంకో తీరు. ఊర్లల్ల నెట్టు కట్టి రాత్రి లైట్ల కింద వాలీబాల్ ఆడేటోళ్లు మీల బొచ్చెడుమంది ఉంటరు, అందుకే చెప్తున్న. 1972ల టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. సర్కారు పైసలు తీసుకునే బడి, కాలేజీ ఏదైనా ఆడ, మగ అని తేడా చూపెట్టొద్దని దాని మాట. ఆటలకు గూడ అది వర్తించింది. ఆ తర్వాత 1975ల నెబ్రాస్కా ఆడపిల్లల వాలీబాల్ టీం మొదలైంది. ఇప్పటికి ఐదుసార్లు దేశంల గెలిచింది. 2001 సంది వాళ్ల మ్యాచ్‌లకు గూడ టికెట్లు మిగుల్తలేవు. 2023 ఆగస్టు 30 నాడు ఫుట్‌బాల్ స్టేడియంల నడిమిట్ల నెట్టు కట్టి ఆడిస్తే 92,003 మంది వచ్చిన్రు. అంతకు ముందు ఏడాది బార్సిలోనాల ఆడోళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వచ్చిన 91,648 మంది లెక్కను గూడ దాటింది. ఆడపిల్లల ఆట ఎవరు చూస్తరు అనే మాట ఎవలన్నా అంటే ఈ అంకె చెప్పుండ్రి.

ఆ టీంల పెరిగిన జోర్డన్ లార్సన్‌ది హూపర్ అనే చిన్న ఊరు, వెయ్యి మంది గూడ ఉండరు. టోక్యో ఒలింపిక్స్‌ల అమెరికా వాలీబాల్ టీంకు కెప్టెన్, ఫైనల్ల బ్రెజిల్ మీద ఆఖరి పాయింటు కొట్టింది ఆమెనే. ఇప్పటి కోచ్ డానీ బుస్‌బూమ్ కెల్లీ గూడ నెబ్రాస్కా ఆడబిడ్డనే, 2006ల గెలిచిన టీంల ఆడింది. ఆమె మొదటి సీజన్, 2025ల ఒక్క మ్యాచ్ ఓడకుంట వచ్చి వచ్చి, చివరికి సొంత గ్రౌండుల టెక్సాస్ ఏ అండ్ ఎం చేతుల ఐదు సెట్ల మ్యాచ్ ఓడిన్రు. ఏడాదంతా నిలవెట్టిన పంట కోతనాడు వాన వడ్డట్టు.

ఇగ పైసల లెక్క. ఈ ఆటల మీద టీవీలు, కంపెనీలు, యూనివర్సిటీలు ఏండ్ల సంది వందల కోట్లు సంపాయించినయి. కోచ్ రూల్‌తోని 2022ల చేసుకున్న ఒప్పందం ఎనిమిదేండ్లకు 7 కోట్ల 40 లక్షల డాలర్లు. మన లెక్కల ఏడాదికి 75 కోట్ల రూపాయలు దాటుతది. మరి ఎముకలు ఇరగ్గొట్టుకునే ఆటగానికి? 2021 దాకా తన సంతకం అమ్ముకున్నా తప్పే. ‘వీళ్లు స్టూడెంట్లు, పైసలు ముట్టొద్దు’ అని కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ రూలు పెట్టింది. గా నీతి కోచ్‌కు ఎందుకు లేదో ఎవరూ అడగలేదు. ఆటగాళ్లే కోర్టుల కొట్లాడిన్రు. 2021 జూన్‌ల సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జీలతోని ఎన్‌సీఏఏకు ఎదురు తీర్పిచ్చింది. ఆ జులై సంది ఆటగాళ్లు తమ పేరు మీద సంపాయించుకునుడు మొదలైంది. 2025 జూన్‌ల హౌస్ కేసు రాజీతోని యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు పైసలు ఇయ్యొచ్చన్నరు. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ 2 కోట్ల డాలర్ల చిల్లర దాకా ఇయ్యొచ్చు.

ఇది కొట్లాడి తెచ్చుకున్న హక్కు, దాంట్ల వంక పెట్టేది లేదు. కానీ ఆ రాజీలనే ఇంకో గీత గీసిన్రు. స్కాలర్‌షిప్‌ల మీద ఉన్న హద్దు తీసేసి, టీంల మనుషుల మీద హద్దు పెట్టిన్రు. ఫుట్‌బాల్‌కు 105 మంది. గంతకన్నా చాలా ఎక్కువ మందిని పెట్టుకునుడే నెబ్రాస్కాకు అలవాటు. 85 పోను ఉన్న జాగల్ల ఊరి పోరగాళ్లు నిండుతుండిరి. ఇప్పుడు 105 మందికి 105 మందికి స్కాలర్‌షిప్ ఇయ్యొచ్చు, పైసలు పెట్టి ఏ రాష్ట్రంకెళ్లి అయినా తయారైన ఆటగాన్ని తెచ్చుకోవచ్చు. రెండేండ్లు కండ పట్టించే ఓపిక ఎవరికుంటది? ఇంకో తీరుగ చేయొచ్చుండె. పైసల హక్కు ఇచ్చి, సొంత ఖర్చుతోని వచ్చేటోళ్లను లెక్కకు బయట ఉంచొచ్చు. యూనివర్సిటీలకు దానితోని వచ్చే నష్టమేంది? ఉత్త అన్నం, అంగీల ఖర్చే.

ఈ ముచ్చట కాడనే జడ్జి క్లాడియా విల్కెన్ గూడ ఆగింది. జాగ పోతున్న పిలగాళ్ల సంగతి తేల్చనిదే సంతకం పెట్టనని 2025 ఏప్రిల్‌ల చెప్పింది. దాంతోని ఒక మినహాయింపు వచ్చింది. ఈ హద్దు వల్ల జాగ పోయినోళ్లను చదువు అయ్యేదాకా 105 లెక్కల కలపకుంట తీసుకోవచ్చు. తీసుకోవాల్నని మాత్రం లేదు, అది యూనివర్సిటీ ఇష్టం. ఆ పిలగాళ్ల చదువులు ఇంకొన్నేండ్లల్ల అయిపోతయి. ఆ తర్వాత 105 అంటే 105.