చేతి చెంత చూపు

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుడు మేకతోలును పలక మీద పరిచి, ఒక చేత్తో ఉలి నిలిపి, రెండో చేత్తో కొడుతూ చిల్లులు పొడుస్తాడు. తెర వెనుక దీపం వెలిగినప్పుడు సీత మెడలో హారంగా మెరిసేవి ఆ చిల్లులే. ఉలి మొన దగ్గర ఆ కళాకారుడి కన్ను చూసే తీరూ, చేయి దూరంగా ఉన్నప్పుడు అదే చోటును చూసే తీరూ ఒకటేనా?

కాదనడానికి కొన్ని ఆధారాలున్నాయి. కోతుల మెదడులో కొన్ని నాడీకణాలు చేతిని తాకినా స్పందిస్తాయి, చేతి దగ్గరికి వస్తువు వచ్చినా స్పందిస్తాయి; చేయి జరిగితే అవి గమనించే చోటు కూడా దానితోపాటే జరుగుతుందని గ్రాజియానో, గ్రాస్ బృందం 1990లలో చూపింది. మనుషుల్లో, తెర మీద గుర్తు చేతి పక్కన కనిపిస్తే త్వరగా పసిగడతారని 2006లో కేథరిన్ రీడ్ బృందం తెలిపింది. 2008లో అబ్రామ్స్ బృందం తెరకు ఇరువైపులా చేతులు పెట్టించి, గుంపులో ఒక అక్షరాన్ని వెతకమంది. ఈసారి వెతుకులాట నెమ్మదించింది. ఈ రెండు ఫలితాలకూ పొత్తు కుదురుతుంది: చేతి చెంత ఉన్నదాన్ని దృష్టి తొందరగా పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని వదలడానికే తాత్సారం చేస్తుంది. అందుకోవాల్సినదైనా, కాచుకోవాల్సినదైనా అక్కడే ఉంటుంది కదా!

అయితే 2012లో గోజ్లీ బృందం ఫలితం మన కళాకారుడికి అంత అనుకూలం కాదు. చేతి దగ్గర క్షణకాలపు మార్పులు బాగా తెలుస్తాయి, సన్నని వివరాలు మాత్రం కాస్త మసకబారతాయి. చిల్లుల పనికి కావలసింది ఆ సన్నని వివరమే.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది రీడ్ బృందం 2010 నాటి పరిశీలన. చేతి పక్కనిదాన్ని త్వరగా పసిగట్టే అనుకూలత అరచేతి వైపే ఉంది, చేతి వెనుక లేదు. పనిముట్టు పట్టుకుంటే దాని పనిచేసే కొస దగ్గర కూడా కనిపించింది. పై ఫలితాల్లో ఉలికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం లేదు.

తొందరపడకూడదు. ఇలాంటి ప్రభావాలను మళ్లీ రాబట్టబోయిన ఆండ్రింగా బృందానికి 2018లో అవి దొరకలేదు. ఇలాంటి పరీక్షల్లో చేతులు చాలావరకు ఊరికే ఆనించి ఉంటాయి. నిమ్మలకుంటలో చేతులు పనిలో ఉంటాయి. ఉలిని కొట్టడానికి పట్టినప్పుడూ, తిరగేసి ఊరికే పట్టినప్పుడూ మొన పక్కన చిన్న వెలుగుచుక్క చూపి, స్పందించే సమయాలను కొలవవచ్చు. తేడా పనిపట్టులోనే వస్తే, చూపును మార్చేది చేయి ఉన్న చోటు ఒక్కటే కాదు, చేయి చేయబోయే పని కూడా అని తేలుతుంది.