నెట్ పోయిందా? ఎక్కడ పోయింది?

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఈ రాత్రే ఆఖరు గడువు. మీరు ఫారం సగం నింపారు. ఇంతలో ఫోను తెర మీద చక్రం గిరగిరా తిరగసాగింది. ఎంతకీ ఆగదు! "నెట్ పోయింది" అంటారు ఇంట్లోవాళ్లు. సరే, పోయింది ఎక్కడ? ఈ ప్రశ్న వేసుకుంటే సగం పని అయినట్టే.

మీ ఫోను నుంచి ఆ వెబ్‌సైటు దాకా మూడు మజిలీలున్నాయి. ఫోను నుంచి రౌటరు దాకా మొదటిది. ఇక్కడ కబురు మోసేవి రేడియో తరంగాలు. వైఫై అంటే ఈ ఒక్క మజిలీయే. రౌటరు నుంచి ఇంటర్నెట్ సంస్థ దాకా రెండోది. ఇక్కడ చాలా ఇళ్లకు సన్నని గాజుపోగు గుండా కాంతి కబురు తెస్తుంది. అక్కడి నుంచి వెబ్‌సైటు ఉన్న కంప్యూటరు దాకా మూడోది.

కుళాయిలో నీళ్లు రాకపోతే ఏం చేస్తాం? పక్క కుళాయి తిప్పి చూస్తాం. అందులోనూ రాకపోతే ట్యాంకు చూస్తాం. ఇక్కడా అంతే!

ముందుగా ఫోనులో మొబైల్ డేటా ఆపేయండి. లేకపోతే నెట్ అటునుంచి వచ్చి మిమ్మల్ని మోసగిస్తుంది. తర్వాత వేరే వెబ్‌సైటు తెరవండి. అది తెరుచుకుంటే తప్పు మొదటి వెబ్‌సైటు వైపే ఉండవచ్చు. తెరుచుకోకపోతే అదే వైఫైతో ఇంకో ఫోనులో చూడండి. అందులో నెట్ వస్తే లోపం మీ ఫోనులోనే ఉంది. దాన్ని ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి.

రెండు ఫోనుల్లోనూ రాలేదా? రౌటరుకు అంటించిన చీటీ మీద సాధారణంగా ఒక అంకెల చిరునామా ఉంటుంది. దాన్ని బ్రౌజరులో కొట్టండి. ఆ పేజీ ఉండేది రౌటరులోనే కనుక దానికి ఇంటర్నెట్ అక్కరలేదు. అది తెరుచుకుంటే మొదటి మజిలీ క్షేమం. ఇక దీపాలు చూడండి. గాజుపోగు పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంటే సాధారణంగా కాంతి అందడం లేదని అర్థం. తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూసి, సంస్థవారికి చెప్పండి. తీగ ఊడదీసి లోపలికి మాత్రం తొంగిచూడకండి. అందులోని కాంతి కంటికి కనబడదు, కాని కంటికి హాని చేయగలదు.

రౌటరు దగ్గర బాగా వచ్చి, వెనక గదిలో రావడం లేదా? అయితే చిక్కు తరంగాలది. వైఫై ఎక్కువగా వాడే ఒక తరంగం సెకనుకు 240 కోట్లసార్లు కంపిస్తుంది. అది సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. భాగించి చూడండి: తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు! గోడలు దీన్ని బలహీనపరుస్తాయి. ఇనుప బీరువా వెనక్కి కొడుతుంది. నీళ్లు పీల్చుకుంటాయి. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ ఇంచుమించు ఈ కంపనాలతోనే, అందుకే అది దగ్గరుంటే అల్లరి చేస్తుంది. కనుక రౌటరును బీరువా వెనక దాచక, ఇంటి నడుమ, ఎత్తున పెట్టండి.

రౌటరును ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేస్తే బాగవుతుందంటారు. నిజమే, చాలాసార్లు బాగవుతుంది. రౌటరు కూడా చిన్న కంప్యూటరే. దాని తాత్కాలిక జ్ఞాపకంలోని లెక్కలు చిక్కుపడితే, ఆపినప్పుడు చెరిగిపోయి, కొత్తగా మొదలవుతాయి.

ఒక్క నియమం మరువకండి: ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగూ కలిపి చేస్తే నెట్ రావచ్చు, కాని ఏ మార్పు వల్ల వచ్చిందో తెలియదు. తెలియకపోతే రేపు మళ్లీ మొదటికే! ప్రయోగశాలలో పాటించే నియమం కూడా ఇదే.