పై రంగు చూసి పాత కారు కొనకండి



ఈవేళ పాత స్పోర్ట్స్ కార్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. “ఇల్లు దిద్దుకునే మనకు కార్ల గొడవ ఎందుకమ్మా?” అంటారేమో. కొనేది అబ్బాయే కావచ్చు, పోయేది ఇంటి డబ్బు కదండీ! ఇంగ్లండులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల్లో అక్కడి పాత కార్ల మీద మోజుపడేవాళ్ళు ఉంటారు. “అమ్మా, నిగనిగలాడే కారు చవగ్గా వస్తోంది, తీసుకుంటున్నాను” అని అబ్బాయి ఫోను చేస్తే, “ఫలానాది చూశావా నాయనా?” అని మీరు అడగగలగాలి.

ఉదాహరణకు ఎం.జి.బి. అనే కారును తీసుకుందాం. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్‌డన్ అనే ఊళ్ళో 5 లక్షలకు పైగా తయారు చేశారు. ఇద్దరు కూర్చునే చిన్న కారు, పైన మడిచిపెట్టుకునే గుడ్డ టాపు. 1965 నుంచి రేకు టాపు ఉన్న జి.టి. రకం కూడా వచ్చింది. దీని విడిభాగాలు ఈనాటికీ దొరుకుతాయి. కనుక ఇంజను పాడైనా బాగుచేయించుకోవచ్చు. దీనికి అసలు శత్రువు తుప్పు.

విశాఖపట్నం, కాకినాడలలో ఉండేవారికి సముద్రపు గాలి కిటికీ ఊచలను ఎలా తినేస్తుందో చెప్పనక్కరలేదు. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కారు అడుగున చేరి ఏళ్ళ తరబడి రేకును తింటాయి.

లారీకి కింద బలమైన చాసిస్ ఉంటుంది, దాని మీద బాడీ కూర్చోబెడతారు. ఎం.జి.బి.కి అలా వేరే చాసిస్ లేదు, బాడీయే దాని బలం. పైన గట్టి టాపు లేని రకానికి ఆ భారం చాలావరకు తలుపుల కింద గడపలా పొడుగ్గా ఉండే భాగం మీద పడుతుంది. ఈ గడప పైకి ఒకే రేకులా కనిపించినా లోపల పొరలుంటాయి. పైన మాత్రం కొత్త రేకు అతికించి, రంగు కొట్టి, లోపల కుళ్ళినదాన్ని అలాగే వదిలేసే ప్రబుద్ధులున్నారు. పైన పటారం, లోన లొటారం! గడప గుల్లయిన కారు మధ్యలో కుంగుతుంది. దేనికైనా గుద్దుకుంటే లోపలివాళ్ళను కాపాడే శక్తి దానికి ఉండదు.

మరి తెలుసుకోవడం ఎలాగంటారా? తలుపు వేసి, దాని వెనక అంచుకూ బాడీకీ మధ్య సందు చూడాలి. పైనుంచి కిందదాకా ఒకే వెడల్పు ఉండాలి. పైన ఇరుకై కింద వెడల్పయితే నడుము కుంగిందన్నమాట. ఇద్దరు లోపల కూర్చున్నప్పుడు కూడా తలుపు తేలిగ్గా పడాలి. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి గడప మీద, ముందు చక్రాల వెనక భాగంలో ఆనించి చూడాలి. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది! లోపల కార్పెట్ ఎత్తి నేల చూడాలి. సీట్ల వెనక బ్యాటరీలు పెట్టే అరలు ఉంటాయి, అవీ తుప్పు పట్టేవే. “కార్పెట్ అంటించేశామండీ, ఊడదు” అన్నారంటే ఇంకా అనుమానించాలి.

ఇక ఇంజను. చూడ్డానికి వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేయాలి. వెచ్చగా ఉంటే ముందుగానే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లారిన ఇంజను ఎలా అందుకుంటుందో చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి జిడ్డు ఉంటే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయేమో చూపించాలి. ఇంజను బాగా వేడెక్కాక, దారిలో పోతుండగా ఆయిల్ ప్రెషర్ ముల్లు 50 దరిదాపుల్లోనైనా నిలవాలి. రెండో గేరు వేసేటప్పుడు గరగరమన్నా, గేరు దానంతటదే జారిపోయినా గేరుబాక్సు అరిగిందనుకోవాలి.

ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడ ఆడకూడదు. ఆ కీలుకు వేళకు గ్రీజు పెట్టకపోతే అరిగిపోతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి మాత్రం దూరవద్దని చెప్పండి. ఊచల చక్రాలైతే ఒక్కొక్క ఊచా తట్టి చూడాలి. వదులైంది బొంగురుగా మోగుతుంది. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పట్టీలు బాగానే ఉన్నా ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి పగులుతుంది.

కాగితాల సంగతి మరువకూడదు. కారు మీది నంబరూ రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న నంబరూ కలవాలి. ఇంకొక ముఖ్య విషయం. బ్రిటనులో కార్లకు ఎం.ఓ.టి. అని ఏటా పరీక్ష జరుగుతుంది. 2018 మే నెల నుంచి, 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదన్నారు. ఎం.జి.బి.లన్నీ ఇప్పుడు 40 దాటినవే! అంటే ఏళ్ళ తరబడి ఎవరూ కింద చూడని కారు కూడా అమ్మకానికి రావచ్చు. కానీ యజమాని కోరితే ఇప్పటికీ పరీక్ష చేస్తారు. “పరీక్ష చేయించి చూపించండి, ఆ తర్వాతే డబ్బు” అని అబ్బాయి చేత అనిపించండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ బేరం వదులుకోవడమే మంచిది.

ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. ఇంజను కాస్త మూలిగినా బాడీ గట్టిగా ఉన్న కారు మేలు. ఇంజను పాడుతూ, గడప గుల్లయిన కారు మాత్రం వద్దు. గడప కోసి మళ్ళీ అతికించడానికయ్యే కూలి, కారు ఖరీదునే మించిపోవచ్చు. వంకాయ కొనేటప్పుడు తొడిమ తిప్పి పుచ్చు చూసే మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. అదే చూపు పిల్లలకు కూడా నేర్పుదాం.