వడ్రంగి పెట్టె

పొలమైతే గట్టు వేసి పంచుకోవచ్చు. యిల్లయితే మధ్య గోడ పెట్టుకోవచ్చు. తండ్రి వడ్రంగి అయి, కొడుకు లిద్దరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లయితే ఆయన పనిముట్లను యేంచేయాలి? మా యింట్లో యీ ప్రశ్న నిరుడు వచ్చింది.

మాది ఆత్మకూరు. మా తాత బండ్లు చేసినవాడు. నల్లతుమ్మ కర్రతో బండి కుండ, ఆకులు, పూటీలు కుదర్చడంలో ఆయనకు చుట్టుపక్కల పేరుండేదట. ట్రాక్టర్లు, టైరు బండ్లు వచ్చి ఆ పని పోయింది. నాయన తలుపులకూ, దర్వాజాలకూ దిగాడు. పెట్టె మాత్రం తాతదే. యేటా దసరాకు దానికి పసుపు, కుంకుమ పెట్టడం వరకే మా అన్నదమ్ములకు దానితో సంబంధం.

పెద్దకర్మ అయిన మూడోనాడు తమ్ముడు పంచలో వున్న ఆ పెట్టె మూత తీసి, "అన్నా, దీన్ని చూస్తూ కూర్చుంటే లాభంలేదు. ఆసుపత్రి అప్పు వుంది. పాతయినుము వాణ్ణి పిలుద్దాం" అన్నాడు.

వాడి మాటలో తప్పేమీ లేదు. పిలిచాము. అతను కాటా దించి, కిలో ముప్ఫై రూపాయలు లెక్క చెప్పి, పిడులు ఊడగొట్టి తూస్తానన్నాడు. చెక్కకు డబ్బు కట్టడు గదా! అంతదాకా తలుపు చాటున వున్న అమ్మ ముందుకు వచ్చింది.

"పిడులు ఊడగొట్టేదేంది? ఆయన చెయ్యి పడింది ఆ పిడుల మీదే గదా!"

బేరం అక్కడ ఆగిపోయింది.

ఒక ఆదివారం నేను చాప పరుచుకుని అన్నీ బయట పెట్టాను. ఉలులు పదకొండు, తోపడాలు మూడు, బాడిసలు రెండు, తాడుతో తిప్పే బర్మా, మూలమట్టం, డజనుకు పైగా అరిగిపోయిన ఆకురాళ్లు, ఇద్దరు లాగే పెద్దరంపం. అన్నీ తుప్పుపట్టి ఒక్కలాగే కనపడ్డాయి. వీధి చివర కమ్మరి పెద్దాయన వచ్చి కాస్త జ్ఞానోదయం కలిగించాడు. పాతకాలపు ఉలి అంతా ఉక్కు కాదట. ఒళ్లు మెత్తని యినుము, నోటిదగ్గర మాత్రం ఉక్కు పలక కాల్చి అతికేవారట. సానరాయి మీద రుద్ది చూపించాడు. యినుము మబ్బుగా, ఉక్కు మెరుపుగా, రెండింటి మధ్య సన్నని గీత తేలింది. ఆ మెరుపు వున్నంతవరకే అది ఉలి. ఉక్కు అంతా అరిగి యినుము మిగిలితే పాతయినుము వాడు చెప్పిన ధర న్యాయమైనదే. మా పదకొండింటిలో నాలుగు అటువంటివి.

ఇక్కడే నేను ఒక తెలివితక్కువ పని చేశాను. కొనేవాళ్లకు నిగనిగలాడుతూ కనిపించాలని రెండు మంచి ఉలులను కరెంటు సాన మీద పట్టించాను. నిప్పురవ్వలు ముచ్చటగా లేచాయి. నోరు నీలం రంగు తిరిగింది. అదీ ఒక అందమే ననుకున్నాను!

యీ సరుకు కొనేదెవరు? ఆత్మకూరులో కుర్ర వడ్రంగుల చేతుల్లో కరెంటు యంత్రాలున్నాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం కింద పనిముట్లకు పదిహేను వేల రూపాయల సాయం కూడా వుంది. పాత బాడిస వాళ్లకెందుకు? ఫ్రాన్సులో త్రోయి అనే పట్టణంలో 1974లో పనిముట్లకే ఒక ప్రదర్శనశాల తెరిచారు, అద్దాల వెనక వేలకొద్దీ అమర్చారు. మనకు ఆ దారీ లేదు. "చెంచాల వాళ్ల నడిగి చూడు" అన్నాడు కమ్మరి. ఉదయగిరి బస్సెక్కాను.

ఉదయగిరి అనగానే మనకు దుర్గం జ్ఞాపకం వస్తుంది. కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. కాని ఆ కొండ కింద యిళ్లలో యీనాటికీ సాగుతున్న వైభవం మరొకటి. కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది వంటి తేలికపాటి కర్రలతో చెంచాలు, గరిటెలు, ముళ్ల చెంచాలు చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన పని. చేసేవాళ్లలో చాలామంది ముస్లిం కుటుంబాల స్త్రీలు. ఒక కర్రముక్క చెంచా కావడానికి రంపం, బాడిస, ఉలి, ఆకురాయి వరసగా దాని మీద నడవాలి. చివర నున్నన చేయడానికే సగం ఓపిక పోతుంది.

నేను వెళ్లిన యింట్లో పెద్దాయన సంచి విప్పి, నేను గొప్పగా చూపించిన నీలం ఉలులను ముందు పక్కన పెట్టాడు.

"పాయనం పోయింది అబ్బయా. వేడికి ఉక్కు మెత్తబడింది. నీళ్లలో ముంచి ముంచి పట్టించాల్సింది."

"బాగుపడదా, సాయిబూ?"

"కమ్మరి మళ్లీ కాల్చి పాయనం పెడితే బతుకుతుంది. నోరు కొంచెం పొట్టి అవుతుంది."

పెద్ద బాడిస చెంచాకు బరువన్నాడు. చిన్నది వుంచుకున్నాడు. ఆశ్చర్యమేమిటంటే నేను దండగ అనుకున్న ఆకురాళ్లన్నీ తీసుకున్నాడు. అరిగిన ఆకురాయి మంచి ఉక్కట. కమ్మరి చేత సాగగొట్టించి వంకర ఉలి చేయించుకుంటే చెంచా గుంట తొలవడానికి పనికొస్తుందట.

ఆయన కోడలు ఒక సన్నఉలి తీసుకుని బిక్కిముక్క మీద రెండు పెచ్చులు లేపింది. ముఖం విప్పారింది. తర్వాత అరచేతిలో అటూ యిటూ తిప్పి మామగారితో అంది:

"పిడి లావుగా వుంది మామా. చెక్కి సన్నం చేసుకోవచ్చా?"

ఆయన నావైపు చూశాడు. పిడి మీద నాయన బొటనవేలు ఆని పల్లం పడిన చోటు నాకు కనపడుతూనే వుంది. ఆ పిడుల కోసమే గదా పాతయినుము వాణ్ణి పంపేశాము! వద్దంటే ఆ వుల్లి మళ్లీ మా పంచలో తుప్పు పట్టాలి. కాసేపటికి, "చెక్కుకోమ్మా" అన్నాను.

మొత్తం రెండువేల రెండు వందలు యిచ్చారు. కాటా లెక్కకు యిది నాలుగింతలు. ఆసుపత్రి అప్పుకు మాత్రం మూలకు రాదు. తమ్ముడు లెక్క చూసుకుని, "బస్సు ఖర్చు తీసెయ్" అన్నాడు.

రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది:

"పిడులు వుంచుకుంటారంటనా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కాని చెప్పేశాను. "సన్న ఉలి పిడి చెక్కించుకుంటారమ్మా. ఆ కోడలి చేతికి లావయింది."

"ఎవరూ, ఆడమనిషా పనిచేసేది?"

"అవును."

అమ్మ గరిటె పట్టుకుని కాసేపు నిలబడింది. "నలభై యేండ్లు కాపురం చేశాను. మీ నాయన నన్నొక్కనాడు ఆ పెట్టె ముట్టనిచ్చినాడా?" అంది. యింకాస్త మజ్జిగ పోసి, లోపలికి వెళ్లింది.

పెద్దరంపం యింకా మా పంచలోనే వుంది.