జీఎల్‌పీ-1 గ్రాహకం ఎక్కడుంది? జవాబు చెప్పే యాంటీబాడీకీ పరీక్ష తప్పదు

మధుమేహం, స్థూలకాయం చికిత్సలో విరివిగా వినిపిస్తున్న సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్ వంటి ఔషధాలు శరీరంలో ఏయే అవయవాలపై నేరుగా పనిచేస్తాయి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి పరిశోధకులు ఎక్కువగా ఆధారపడే సాధనం యాంటీబాడీ. ఆ సాధనమే పొరపాటు సమాచారం ఇస్తే, దానిపై నిర్మించిన నిర్ధారణలన్నీ సందేహాస్పదమవుతాయి. జీఎల్‌పీ-1 గ్రాహకం విషయంలో సరిగ్గా అదే జరిగింది.

గ్రాహకం పాత్ర ఏమిటి?

ఆహారం తీసుకున్నప్పుడు పేగుల్లోని ఎల్ కణాలు జీఎల్‌పీ-1 అనే పెప్టైడ్ హార్మోన్‌ను విడుదల చేస్తాయి. రక్తంలో దీని ఆయుష్షు కొద్ది నిమిషాలే. ఆలోగా అది క్లోమంలోని బీటా కణాల ఉపరితలంపై ఉన్న గ్రాహకానికి అతుక్కుని, రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది. ఈ గ్రాహకం 463 అమైనో ఆమ్లాల ప్రోటీను. కణత్వచంలో ఏడుసార్లు అటూఇటూ దూరి ఉంటుంది.

పై ఔషధాలు కూడా ఇదే గ్రాహకానికి అతుక్కునేలా రూపొందినవి. కాబట్టి గ్రాహకం ఉన్న చోట్ల పటమే ఔషధం నేరుగా పనిచేయగల చోట్ల పటం. ప్రయోజనాల వివరణకూ, దుష్ప్రభావాల అంచనాకూ ఆ పటమే ఆధారం.

గోధుమరంగు మరక చెప్పేదేమిటి?

కణజాలాన్ని ఫార్మాలిన్‌లో భద్రపరచి, మైనంలో పొదిగి, కొన్ని మైక్రోమీటర్ల మందంతో పలుచని పొరలుగా కోస్తారు. వాటిపై గ్రాహకాన్ని పట్టుకునే యాంటీబాడీని వేస్తారు. దానికి అతుక్కునే రెండో యాంటీబాడీకి ఒక ఎంజైమును జోడించి ఉంచుతారు. రసాయనాన్ని కలిపినప్పుడు ఆ ఎంజైము ఉన్న చోట గోధుమరంగు మరక ఏర్పడుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. యాంటీబాడీ దేనికో ఒకదానికి అతుక్కుందని మాత్రమే మరక చెబుతుంది. అది మనం వెదికే ప్రోటీనేనని చెప్పదు. ఈ గ్రాహకం కణాల్లో స్వల్ప పరిమాణంలోనే ఉంటుంది. దానిలో చాలా భాగం త్వచంలో దాగి ఉంటుంది. గ్లూకగాన్ గ్రాహకం వంటి దగ్గరి బంధువులతో దానికి పోలికలున్నాయి. ఫార్మాలిన్ ప్రభావంతో ప్రోటీను ఆకృతీ మారుతుంది. ఇన్ని కారణాల వల్ల యాంటీబాడీ గురి తప్పడం సులభం.

2013లో బయటపడిన లోపం

టొరంటోలోని డేనియల్ డ్రకర్ బృందం 2013లో ఎండోక్రినాలజీ పత్రికలో ఒక హెచ్చరిక చేసింది. ఈ గ్రాహక జన్యువును తొలగించిన ఎలుకల కణజాలంలో సైతం, మార్కెట్లో లభించే కొన్ని యాంటీబాడీలు సంకేతాన్ని చూపుతున్నాయని వెల్లడించింది. లేని ప్రోటీను కనిపించిందంటే యాంటీబాడీ మరొకదాన్ని పట్టుకుందని అర్థం. అలాంటి యాంటీబాడీలతో వెలువడిన పాత ఫలితాలను మళ్లీ పరిశీలించవలసి వచ్చింది.

మరుసటి ఏడాది నోవో నార్డిస్క్ పరిశోధకుడు చార్లెస్ పైక్, ఆయన సహచరులు కొత్త మోనోక్లోనల్ యాంటీబాడీతో కోతి, మానవ కణజాలాలను పరిశీలించారు. రేడియోధార్మిక గుర్తు పెట్టిన జీఎల్‌పీ-1 ఎక్కడ అతుక్కుంటుందో విడిగా పరీక్షించి ఫలితాలను సరిచూశారు. క్లోమంలో బీటా కణాలు బలంగానూ, జీర్ణరసాలను స్రవించే ఎసినార్ కణాలు కొంత తక్కువగానూ మరక చూపాయి. మూత్రపిండాలు, ఊపిరితిత్తుల్లో ధమనుల గోడల్లోని నునుపు కండర కణాలకే అది పరిమితమైంది. గుండెలో లయను నిర్ణయించే సిరాకర్ణికా కణుపులో, ఆంత్రమూలంలోని బ్రన్నర్ గ్రంథుల్లో గ్రాహకం కనిపించింది.

ఈ సంస్థ స్వయంగా లిరాగ్లూటైడ్ తయారీదారు. కాబట్టి స్వతంత్ర ప్రయోగశాలల నిర్ధారణ అవసరం మరింత ఎక్కువ. చర్చ కూడా అక్కడితో ముగియలేదు. మానవ హృదయ జఠరికల్లో ఈ గ్రాహకపు ఆర్‌ఎన్‌ఏ ఉన్నట్లు తరువాతి అధ్యయనం చూపింది. అయితే ఆర్‌ఎన్‌ఏ ఉన్నంత మాత్రాన ప్రోటీను తయారైందని చెప్పలేం.

రోగికి దీనితో సంబంధమేమిటి?

ఎలుకల్లో ఈ ఔషధాలు థైరాయిడ్‌లోని సి కణాల కణితులకు దారితీసినందున, మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వ్యక్తిగత లేదా కుటుంబ చరిత్ర ఉన్నవారు వాటిని వాడరాదని అమెరికా ఔషధ సూచికల్లో హెచ్చరిక ఉంది. ఎలుకలతో పోలిస్తే మనిషి సి కణాల్లో గ్రాహకం ఎంత ఉందన్నది ఈ ముప్పు అంచనాలో కీలకం. గురి తప్పిన యాంటీబాడీ లేని భయాన్ని సృష్టించగలదు, ఉన్న ముప్పును మరుగుపరచగలదు.

ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారు. టిర్జెపటైడ్, స్థూలకాయానికి వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు 2025లో భారత మార్కెట్లోకి వచ్చాయి. కనుక ఈ ప్రశ్న మనకూ దూరమైనది కాదు.

నమ్మకానికి ఐదు మార్గాలు

యాంటీబాడీల ధ్రువీకరణపై ఏర్పడిన అంతర్జాతీయ కార్యబృందం 2016లో ఐదు మార్గాలను సూచించింది. జన్యువును తొలగించిన లేదా దాని పనిని తగ్గించిన కణాల్లో సంకేతం పోతోందా అని చూడడం మొదటిది. యాంటీబాడీతో సంబంధం లేని మరో పద్ధతితో ఫలితాన్ని పోల్చడం రెండోది. అదే ప్రోటీనులో వేరే భాగాన్ని గుర్తించే మరో యాంటీబాడీని వాడడం మూడోది. గుర్తు తగిలించిన ప్రోటీనుతో సరిచూడడం నాలుగోది. యాంటీబాడీ పట్టుకున్నదేమిటో మాస్ స్పెక్ట్రోమెట్రీతో తేల్చడం ఐదోది.

ఒక పద్ధతిలో నెగ్గిన యాంటీబాడీ మరో పద్ధతిలో విఫలం కావచ్చు. అందువల్ల ఏ కణజాలంలో, ఏ విధానంలో వాడతారో అక్కడే దాన్ని పరీక్షించాలి. ‘పరిశోధనకు మాత్రమే’ అన్న ముద్రతో అమ్మే యాంటీబాడీలు రోగ నిర్ధారణకు ఉద్దేశించినవి కావు. ఫలానా అవయవంలో గ్రాహకం దొరికిందన్న వార్త వచ్చినప్పుడు, గ్రాహకం లేని కణజాలంలో ఆ యాంటీబాడీ ఏం చూపిందన్నదే పాఠకుడు అడగవలసిన మొదటి ప్రశ్న.